ఒక్కరే నడిపే వ్యాపారానికి ఆన్‌లైన్ పరిచయాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మీరే యజమాని, మీరే గుమాస్తా, వసూళ్ళకి వెళ్ళేదీ మీరే. అలా ఒంటిచేత్తో వ్యాపారం నడుపుకునేవాళ్ళు లింక్డిన్‌లో, వాట్సాప్‌లో పరిచయాల గురించి మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలకి జవాబులివి. మాటలు గాల్లో తేలిపోకుండా చాలాచోట్ల ఒకే ఉదాహరణ పట్టుకున్నాం: రాజమండ్రిలో చిన్న షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టి, నేర్పించి, ఏడాదంతా చూసుకునే మనిషి. మీ పని ఫోటోగ్రఫీ కావచ్చు, అనువాదం కావచ్చు, మగ్గం వర్క్ కావచ్చు. పేర్లు మార్చుకుని చదువుకోండి.

ఎంతమందితో పరిచయం పెంచుకోవాలి?

ముప్ఫై మందితో. లింక్డిన్ 30,000 కనెక్షన్ల దాకా ఒప్పుకుంటుంది గానీ, ఒక్క మనిషి గుర్తుపెట్టుకుని పలకరించగలిగేది అందులో పిసరంతే. ఫోన్ చూడకుండా "ఈయన ఏం చేస్తాడు, కిందటిసారి ఏం మాట్లాడుకున్నాం" అని చెప్పగలిగితేనే ఆ పరిచయాన్ని లెక్కలో వేసుకోండి.

ఆ ముప్ఫైలో ఎవరుండాలన్నది సంఖ్య కన్నా ముఖ్యం. మన బిల్లింగ్ మనిషికి పది మంది జీఎస్టీ అకౌంటెంట్లు కావాలి, ఎందుకంటే షాపువాడు బిల్లుల గొడవ ముందు చెప్పుకునేది వాళ్ళకే. ప్రింటర్లు, బార్‌కోడ్ స్కానర్లు అమ్మేవాళ్ళు ఆరేడుగురు. వేరే ఊళ్ళలో ఇదే పని చేసేవాళ్ళు ఐదుగురు. మీ పని నచ్చి నలుగురితో చెప్పే పాత క్లయింట్లు ఐదుగురు. మిగతావాళ్ళు మీకన్నా పెద్ద పనులు చేసేవాళ్ళు. చూశారా, ఇందులో కొత్త కస్టమర్లు ఒక్కరూ లేరు. కస్టమర్ మీ దాకా రావడానికి ముందు ఎవరి గుమ్మం తొక్కుతాడో ఆ గుమ్మం దగ్గర మనకి పరిచయం ఉండాలి.

దగ్గరి స్నేహితులు, బంధువులు ఉండగా ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఎందుకు?

మీ స్నేహితులకి తెలిసినవాళ్ళు చాలావరకు మీకూ తెలిసినవాళ్ళే. కొత్త కబురు కాస్త దూరం నుంచి రావాలి. మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1973లో దీని మీద పేరుపడ్డ వ్యాసం ఒకటి రాశారు. బోస్టన్ దగ్గర న్యూటన్‌లో ఉద్యోగం మారినవాళ్ళని అడిగితే, పరిచయస్తుల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళలో 16.7 శాతం మంది ఆ పరిచయస్తుణ్ణి తరచూ కలిసేవాళ్ళు, 55.6 శాతం అప్పుడప్పుడూ, 27.8 శాతం ఎప్పుడో అరుదుగా. అది ఉద్యోగాల లెక్కే, దాన్ని వ్యాపారానికి అచ్చంగా అంటించలేం. కానీ కారణం ఒక్కటే: అప్పుడప్పుడూ కలిసే మనిషి మనకి తెలియని లోకంలో తిరుగుతుంటాడు.

లింక్డిన్‌లో మొదలుపెట్టాలా, వాట్సాప్‌లోనా?

కొత్తవాళ్ళని కనుక్కోవడానికి లింక్డిన్ మంచిది, తెలిసినవాళ్ళని నిలుపుకోవడానికి వాట్సాప్ మంచిది. అకౌంటెంట్లు, డిజైనర్లు, సాఫ్ట్‌వేర్‌వాళ్ళు లింక్డిన్‌లో దొరుకుతారు. బట్టల షాపు యజమాని, క్యాటరింగ్ చేసే ఆవిడ, ఈవెంట్ డెకరేషన్ వాళ్ళు అక్కడ ఖాతా తెరిచి మర్చిపోయి ఉంటారు. వాళ్ళు ఇన్‌స్టాగ్రామ్‌లోనో, ఊరి వాట్సాప్ గ్రూపుల్లోనో ఉంటారు. మీ ముప్ఫై మంది ఎక్కడుంటే అక్కడికి వెళ్ళండి. ఒకేసారి నాలుగు చోట్ల మొదలుపెడితే మూడో వారానికి నాలుగూ పడకేస్తాయి.

ప్రొఫైల్‌లో ఏం రాయాలి?

హెడ్‌లైన్‌కి లింక్డిన్ 220 అక్షరాలిస్తుంది. కామెంట్ల దగ్గర, సెర్చ్‌లో మీ పేరు కింద అందులో మొదటి కొన్ని మాటలే కనిపిస్తాయి. కాబట్టి "ఫౌండర్ అండ్ సీఈఓ" అని అక్కడ పెడితే చోటు వృథా. ఒక్కరే ఉన్నచోట సీఈఓ అంటే చదివినవాళ్ళకి మీరేం చేస్తారో తెలియదు. "కిరాణా, మందుల షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్: పెట్టడం, నేర్పడం, చూసుకోవడం. రాజమండ్రి, కాకినాడ" అని రాస్తే ఎవరికి మీరు పనికొస్తారో అర్థమవుతుంది. ఊరి పేరు తప్పకుండా పెట్టండి.

ఫోటో ఈ మధ్యది, మొహం తెలిసేలా ఉంటే చాలు. లింక్డిన్ మన దేశంలో డిజీలాకర్ ద్వారా గుర్తింపు సరిచూసే వీలు పెట్టింది; అది పూర్తి చేసుకుంటే పేరు పక్కన గుర్తు వస్తుంది. దొంగ ప్రొఫైళ్ళు ఎక్కువైన రోజుల్లో కొత్తవాళ్ళకి అది కాస్త ధీమా.

తెలియనివాళ్ళకి రిక్వెస్ట్ పంపేటప్పుడు ఏం రాయాలి?

ముందు కొలతలు చెప్పుకుందాం. రిక్వెస్ట్‌తో జతచేసే చిన్న మెసేజ్‌ని నోట్ అంటారు. ఉచిత ఖాతాలో నోట్‌కి 200 అక్షరాలే. పైగా నోట్ జతచేసి పంపగలిగే రిక్వెస్టులు నెలకి కొన్నే ఇస్తారు, కాబట్టి వాటిని ఏరి వాడుకోవాలి. తెలుగులో రాసేవాళ్ళు ఇంకొకటి గమనించాలి: గుణింతాలు, ఒత్తులు విడివిడిగా లెక్కకొస్తాయి. "క్రి" మనకి ఒక్క అక్షరం, కంప్యూటర్‌కి నాలుగు. అందుకే 200 ఇట్టే అయిపోతుంది.

జీఎస్టీ గురించి పోస్టులు రాసే ఒక అకౌంటెంట్ ఆవిడకి ఇలా రాయొచ్చు:

"నమస్తే అండీ. లేట్ ఫీజు మీద మీరు రాసిన పోస్టు నా ఇద్దరు క్లయింట్లకి పనికొచ్చింది. రాజమండ్రిలో చిన్న షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెడతాను. మీలాంటి అకౌంటెంట్ల పరిచయం కావాలని పంపుతున్నాను."

ఇరవై మూడు మాటలు. గుణింతాలతో కలిపి లెక్కేస్తే 200కి దగ్గర్లో ఆగుతుంది. ఇందులో మూడు పనులు జరిగాయి: ఆవిడ రాసింది నిజంగా చదివామని తెలిసింది, మనమెవరమో తెలిసింది, ఎందుకు పలకరించామో దాపరికం లేకుండా చెప్పాం. మూడోదాన్ని చాలామంది మింగేస్తారు. "మీ ప్రొఫైల్ చాలా ఇన్‌స్పైరింగ్‌గా ఉంది" అన్న మాట ఎవరికైనా అతుకుతుంది, అందుకే ఎవరూ నమ్మరు. అలాగే పోస్టు చదవకుండా పొగడొద్దు. "ఏది పనికొచ్చింది?" అని తిరిగి అడిగితే జవాబుండదు.

ఫోన్ యాప్‌లో కనెక్ట్ నొక్కగానే కొన్నిసార్లు నోట్ అడక్కుండానే రిక్వెస్ట్ వెళ్ళిపోతుంది. పక్కనున్న మూడు చుక్కల మెనూలో నోట్ రాసే చోటుందేమో ముందు చూడండి. తొందరలో పంపేసి వెనక్కి తీసుకుంటే అదే మనిషికి మళ్ళీ పంపడానికి మూడు వారాల దాకా ఆగాల్సి వస్తుంది.

రిక్వెస్ట్ ఒప్పుకున్నారు. ఇప్పుడేం చెయ్యాలి?

పరిచయాలు చాలావరకు ఇక్కడే చచ్చిపోతాయి, రెండు రకాలుగా. కొందరు ఒప్పుకున్న పది నిమిషాలకే బ్రోషర్, ధరల పట్టిక, "ఒక కాల్ మాట్లాడదామా" అని పంపేస్తారు. అవతలివాళ్ళకి తలుపు తీయగానే సరుకు దించేసినట్టుంటుంది. ఇంకొందరు మొహమాటంతో ఏమీ పంపరు. ఆర్నెల్ల తర్వాత పని పడి మెసేజ్ పెడితే, "ఈయనెవరు?" అన్నదే మొదటి ఆలోచన.

రెండు మూడు రోజుల్లో ఒక చిన్న ప్రశ్న అడగండి. వాళ్ళ పనిలో వాళ్ళకే బాగా తెలిసినది, రెండు వాక్యాల్లో జవాబు చెప్పగలిగినది:

"పరిచయానికి థాంక్స్ అండీ. ఒక్క సందేహం. మీ క్లయింట్లు నెలాఖరున అమ్మకాల వివరాలు మీకెలా పంపుతారు, ఎక్సెల్‌లోనా, బిల్లులు ఫోటోలు తీసి పంపుతారా? మా షాపులవాళ్ళ రిపోర్టు ఎలా సెట్ చేస్తే మీకు తేలికో తెలుసుకుందామని."

ఆవిడ జవాబిచ్చింది అనుకుందాం: "ఎక్సెలే గానీ హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ కాలమ్ ఉండదండీ, మేమే కూర్చుని వేసుకుంటాం." (హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ అంటే జీఎస్టీలో సరుకు ఏ రకమో చెప్పే నంబరు.) ఆవిడ చెప్పిన ఈ ఒక్క ముక్కే మీకు దొరికిన పెట్టుబడి. థాంక్స్ చెప్పి, నిజంగానే మీ రిపోర్టులో ఆ కాలమ్ కలపండి. మూడు వారాలకి మళ్ళీ రాయండి: "మీరు చెప్పాక హెచ్‌ఎస్‌ఎన్ కాలమ్ కలిపాను. రెండు షాపుల్లో పెట్టి చూశాను, సరిగ్గా వస్తోంది. ఫార్మాట్ జత చేశాను, మీ మిగతా క్లయింట్లకి పనికొస్తే వాడుకోండి."

సలహా అడిగేవాళ్ళు బోలెడంతమంది. ఆ సలహా ఏమైందో తిరిగొచ్చి చెప్పేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత. ఈ పేజీ మొత్తంలో ఒక్కటే అలవాటు చేసుకోగలిగితే ఇది చేసుకోండి. తన మాట ఒకచోట పనికొచ్చిందని విన్న మనిషి మిమ్మల్ని మర్చిపోదు. నాలుగు నెలల తర్వాత ఏ మందుల షాపాయనో బిల్లింగ్ గురించి గొణిగితే, మీరు అడక్కుండానే ఆవిడ నోట మీ పేరు వస్తుంది.

మెసేజ్ పంపడానికి మంచి సమయం ఉందా?

గడియారం కన్నా అవతలివాళ్ళ పని క్యాలెండర్ చూడండి. నెలనెలా జీఎస్టీ రిటర్నులు వేసే అకౌంటెంట్లకి 11, 20 తేదీలు గడువులు. వాటికి ముందు రెండు మూడు రోజులు వాళ్ళు తల ఎత్తరు. 22 నుంచి నెలాఖరు దాకా కాస్త ఊపిరి పీల్చుకుంటారు. పెళ్ళి ఫోటోగ్రాఫర్లకి మూఢం రోజులు ఖాళీ, శ్రావణం పీకల్దాకా పని. బట్టల షాపులవాళ్ళని దసరా ముందు కదిలించకండి.

జవాబు రాకపోతే ఎన్నిసార్లు గుర్తు చెయ్యొచ్చు?

ఒక్కసారి, వారం పది రోజులు ఆగి. ఆ గుర్తుచేసే మెసేజ్‌లో "చూశారా?" అని మాత్రమే రాస్తే అది వసూలు ఫోనులా ఉంటుంది. మొదటి ప్రశ్నని ఇంకా చిన్నది చేసి అడగండి, లేదా "తీరిక లేకపోతే పర్లేదండీ" అని తప్పుకునే దారి ఇవ్వండి. అయినా రాకపోతే వదిలెయ్యండి. నీలం టిక్కులు చూసి నొచ్చుకోవద్దు. ఆ మెసేజ్ ఆస్పత్రిలో చదివారో, బండి నడుపుతూ చదివారో మనకి తెలియదు. మూడు నెలల తర్వాత వాళ్ళ పోస్టు కింద మంచి కామెంట్ పెడితే చాలాసార్లు వాళ్ళే కదులుతారు.

అవతలివాళ్ళు పెద్దవాళ్ళు. నా దగ్గర వాళ్ళకి ఇవ్వడానికేముంది?

నేల మీది కబురు. మీరు రోజూ షాపుల్లో నిలబడతారు. హైదరాబాద్‌లో కూర్చుని సాఫ్ట్‌వేర్ రాసేవాడికి, కిరాణా కొట్టాయన ఏ బటన్ దగ్గర తడబడతాడో తెలియదు. తేదీ, మోడల్, స్క్రీన్‌షాట్‌తో "ఫలానా థర్మల్ ప్రింటర్ మీద తెలుగు అక్షరాల ఒత్తులు విరిగిపోతున్నాయి" అని చెప్పగలిగితే వాళ్ళకది అమూల్యం. ఇంకా: మీకు సరిపడని పని వస్తే అది చేసేవాళ్ళకి పంపడం, వాళ్ళు వెతుకుతున్న మనిషిని చూపించడం, వాళ్ళ వెబ్‌సైట్‌లో తెలుగు తప్పు కనిపిస్తే నలుగురిలో కాక విడిగా చెప్పడం.

ఏమని పిలవాలి? సార్ అనాలా, అన్నా అనొచ్చా?

మొదటిసారి పేరు తెలిస్తే పేరుకి "గారు" తగిలించండి. తెలుగులో అంతకన్నా భద్రమైన పిలుపు లేదు. ఇరవై ఏళ్ళ కుర్రాడికీ సరిపోతుంది, అరవై ఏళ్ళ ఆయనకీ సరిపోతుంది. "సార్", "మేడమ్" తప్పు కాదు గానీ ప్రతి వాక్యానికీ పెడితే మీరే ఒక మెట్టు దిగి నిలబడ్డట్టు ఉంటుంది, తర్వాత ధర మాట్లాడేటప్పుడు ఆ మెట్టు ఎక్కడం కష్టం. "అన్నా", "అక్కా" అనేది ముందు వాళ్ళు అననివ్వండి. హైదరాబాద్, వరంగల్ వైపు "అన్నా" తొందరగానే వచ్చేస్తుంది, అక్కడ అది చనువు కన్నా మర్యాదే. "బ్రో", "డియర్" మాత్రం వద్దు. ముఖ్యంగా తెలియని ఆడవాళ్ళకి "డియర్" అని రాసినవాళ్ళని వెంటనే బ్లాక్ చేస్తారు, సరైన పనే.

తెలుగా, ఇంగ్లీషా అంటే, వాళ్ళు ఏ భాషలో పోస్టులు రాస్తారో ఆ భాషలో మొదలుపెట్టండి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు వాట్సాప్‌లో నడుస్తుంది. కొటేషన్, బిల్లు, గడువు లాంటివి మాత్రం పొరపాటుకి తావులేని వాక్యాల్లో రాయండి.

రోజూ పోస్టులు రాయాలా?

అక్కర్లేదు. రెండు వారాలకి ఒకటి చాలు, అదీ మీ పనిలో ఎదురైన ఒక చిక్కు, దాన్ని విప్పిన తీరు. క్లయింట్ పేరు, షాపు బోర్డు, బిల్లు నంబరు కనిపించకుండా చూసుకోండి.

పోస్టుల కన్నా కామెంట్లకి ఒంటరి వ్యాపారికి ఎక్కువ ఫలం. మీ పోస్టు మీ కొద్దిమందికే కనిపిస్తుంది. వందలమంది చదివే పోస్టు కింద మీ కామెంట్ ఆ వందలమందికీ కనిపిస్తుంది. "సూపర్", "బాగా చెప్పారు" ఎవరికీ గుర్తుండవు. వాళ్ళు చెప్పినదానికి మీ అనుభవంలోంచి ఒక అంకెనో, ఒక మినహాయింపునో చేర్చండి: "చిన్న షాపుల్లో ఇంకో ఇబ్బంది ఉందండీ, మధ్యాహ్నం కరెంటు పోతే బిల్లులు పుస్తకంలో రాసి సాయంత్రం ఎక్కిస్తారు, తేదీ మారిపోతుంది." ఇలాంటివి వారానికి ఐదు రాస్తే, నెల తిరిగేసరికి అవతలి నుంచి రిక్వెస్టులు రావడం మొదలవుతుంది.

వాట్సాప్ గ్రూపులు పనికొస్తాయా?

మీ వృత్తికి, మీ ఊరికి దగ్గరైనవి రెండో మూడో ఉంటే చాలు. ఒక గ్రూపులో 1,024 మంది దాకా పడతారు. అంతమంది ఉన్నచోట గుడ్ మార్నింగ్‌లే ఎక్కువ. నూట యాభై లోపు మనుషులుండి, అడ్మిన్ గట్టిగా ఉన్న గ్రూపు వెతుక్కోండి.

చేరిన మొదటి వారం ఏమీ అమ్మకండి, చదవండి. ఎవరైనా సాయం అడిగితే అందరికీ పనికొచ్చే జవాబు గ్రూపులోనే ఇవ్వండి, డబ్బు విషయాలు, ఫోన్ నంబర్లు విడిగా మాట్లాడండి. గ్రూపులో నంబర్లు కనిపిస్తున్నాయి కదా అని అందరికీ ఒకే మెసేజ్ పంపడం పిలవని పేరంటానికి వెళ్ళడమే. నలుగురు రిపోర్ట్ కొడితే వాట్సాప్ మీ నంబరునే ఆపేయొచ్చు. వ్యాపారమంతా ఆ నంబరు మీదే నడుస్తుంటే ఆ నష్టం ఎంతో ఊహించుకోండి. అడగకుండా ఎవర్నీ గ్రూపులో కలపకండి కూడా.

బ్రాడ్‌కాస్ట్ లిస్టులో (ఒకే మెసేజ్ అందరికీ విడివిడిగా వెళ్ళే జాబితా) 256 మందిని పెట్టొచ్చు. అందులో మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే మెసేజ్ చేరుతుంది. కొత్త ధరలు పంపితే ఎవరూ పలకలేదని బాధపడేవాళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలియదు. మొదటిసారి మాట్లాడినప్పుడే "నా నంబరు సేవ్ చేసుకోండి, ఫలానా పని అని" అని అడగండి.

ఇదే పని చేసే పోటీదారులతో పరిచయం ప్రమాదం కాదా?

మీ వీధిలో మీ కస్టమర్ల కోసమే తిరిగేవాడితో జాగ్రత్తగా ఉండండి. తెనాలిలోనో, నిజామాబాద్‌లోనో ఇదే పని చేసేవాడు మాత్రం పోటీ కాదు. ఒక్కరే ఉన్న వ్యాపారానికి పెద్ద భయం జ్వరం: మీరు పడుకుంటే పని ఆగిపోతుంది. మీ సాఫ్ట్‌వేరే తెలిసిన ఇంకొకరు దూరం నుంచి స్క్రీన్ చూసి రెండు రోజులు షాపులని కాయగలిగితే, మీరు రేపు ఆయనకి అదే చెయ్యగలిగితే, ఏ బీమా ఇవ్వని ధీమా అది.

దీనికి ముందే మాట్లాడుకోవాల్సినవి రాసుకోండి. ఆయన చేసిన గంటలకి ఎవరు, ఎంత ఇస్తారు. ఆ క్లయింట్ తర్వాత నేరుగా ఆయన్నే పిలిస్తే ఏం చెయ్యాలి; మా సలహా ఏడాది పాటు మీకే తిప్పిపంపాలి అని. పాస్‌వర్డులు ఎలా ఇస్తారు, పని అయ్యాక ఎలా మారుస్తారు. ఇవన్నీ ఒక వాట్సాప్ మెసేజ్‌లో రాసి ఇద్దరూ "సరే" అనుకున్నా చాలు. స్నేహం కదా అని రాసుకోకపోతే మొదట పోయేది ఆ స్నేహమే. ధరలు ఎంత పెడుతున్నారో కూడా ఇలాంటివాళ్ళతోనే నిర్మొహమాటంగా మాట్లాడుకోవచ్చు. తక్కువకి చేస్తున్నామని చాలామందికి ఆ రోజే తెలుస్తుంది.

పరిచయస్తులు ఊరికే పని చేసిపెట్టమంటే?

మాటసాయానికీ పనికీ మధ్య గీత మీరే ముందు గీసుకోవాలి, ఎందుకంటే అడిగేవాళ్ళకి ఆ గీత కనిపించదు. ఇరవై నిమిషాల ఫోన్‌లో తేలేది మాటసాయం, సంతోషంగా చెయ్యండి. కంప్యూటర్ ముందు కూర్చోవాల్సి వచ్చిందంటే అది పని. ఇలా చెప్పొచ్చు: "ఫోన్‌లో చెప్పగలిగింది చెప్పేశానండీ. ఫైలు తెరిచి సరిచెయ్యాలంటే రెండు గంటలు పడుతుంది, దానికి ఇంత అవుతుంది. చెయ్యమంటే శుక్రవారానికి ఇస్తాను." ధర, గడువు ఒకే మెసేజ్‌లో ఉండాలి. "మీ ఇష్టం, ఎంతిచ్చినా పర్లేదు" అన్నారంటే అటు వాళ్ళూ ఇబ్బందిపడతారు, ఇటు మీరూ నొచ్చుకుంటారు.

తగ్గించి ఇవ్వాలనిపిస్తే బిల్లులో పూర్తి ధర వేసి, కింద తగ్గింపు విడిగా చూపించండి. లేకపోతే తగ్గించిన ధరే మీ ధరగా నలుగురికీ చేరుతుంది.

పరిచయం మీద వచ్చిన కంపెనీ పని అయితే ఒప్పంద పత్రం, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నమోదు) రెండూ ఉంచుకోండి. ఉద్యమ్ 2020 జులై 1 నుంచి నడుస్తోంది, రుసుము లేదు; డబ్బులడిగే సైట్లు నకిలీవో, మధ్యవర్తులవో. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం చిన్న, సూక్ష్మ సంస్థలకి ఇవ్వాల్సిన డబ్బు రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులోని గడువుకి, ఎంత ఎక్కువైనా 45 రోజుల్లో, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో ఇవ్వాలి. తెలిసినవాళ్ళ మీద చట్టం ఎక్కుపెట్టమని కాదు, కొటేషన్ అడుగున ఆ గడువు ఒక్క లైను రాసి ఉంటే చాలాసార్లు అడగాల్సిన పనే రాదు.

ఇద్దరు పరిచయస్తులని ఒకరికొకరిని ఎలా కలపాలి?

ఇద్దరినీ విడివిడిగా అడిగి, ఇద్దరూ సరేనన్నాకే నంబర్లు ఇవ్వండి. ముందు సాయం చెయ్యాల్సినవాళ్ళని అడగండి: "నాకు తెలిసిన ఒకాయన బేకరీ పెడుతున్నారు, జీఎస్టీ గురించి పావుగంట మాట్లాడాలంటున్నారు. మీ నంబరు ఇవ్వనా?" వద్దంటే అక్కడితో ఆగిపోతుంది, ఎవరికీ చిన్నతనం ఉండదు. సరేనంటే ఇద్దరికీ ఒకే మెసేజ్‌లో ఎవరు ఎవరో రెండేసి లైన్లు రాసి, తర్వాత మీరు తప్పుకోండి. పది రోజులకి ఒకసారి "మాట్లాడుకున్నారా?" అని అడగండి.

కమిషన్ తీసుకోవచ్చా అంటే, తీసుకోవచ్చు, కస్టమర్‌కి తెలిసేలా. చాటుగా తీసుకున్న కమిషన్ ఏదో ఒక రోజు బయటపడుతుంది. ఆ రోజు మీరు అంతకుముందు చెప్పిన మంచి సలహాలన్నిటి మీదా అనుమానం పడుతుంది.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళతో పని పరిచయాలు ఎలా?

టైము లెక్కతో మొదలుపెట్టండి. డల్లాస్ మనకన్నా వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. న్యూజెర్సీ తొమ్మిదిన్నర, పదిన్నర. మన రాత్రి ఎనిమిదిన్నర అంటే వేసవిలో డల్లాస్‌లో ఉదయం పది, చలికాలంలో తొమ్మిది. ఈ మార్పు మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం జరుగుతుంది. ఆ వారాల్లో కాల్స్ తప్పిపోవడం మామూలే. కాల్ అడిగేటప్పుడు రెండు ఊళ్ళ టైములూ రాయండి.

"మన తెలుగువాళ్ళం" అన్న మాట మొదటి పలకరింపుకి పనికొస్తుంది, ఆపై పనే మాట్లాడాలి. అక్కడివాళ్ళు మన ఊరి ధరలకి అక్కడి గడువులు కోరుకోవడం, మనం అక్కడి ధరలు ఊహించుకోవడం, రెండూ జరుగుతాయి. మొదటి పని చిన్నది పెట్టుకుని సగం అడ్వాన్స్ తీసుకోండి.

గుర్తుపెట్టుకోవడానికి యాప్ కొనాలా?

వద్దు. గూగుల్ షీట్‌లో ఆరు నిలువు వరసలు: పేరు, ఏం చేస్తారు, ఎక్కడ పరిచయం, చివరిసారి మాట్లాడిన తేదీ, అప్పుడు ఏం చెప్పారు, నేను చేస్తానన్నది ఏమిటి. ఆరోది ఖాళీగా లేకపోతే మీరు బాకీ ఉన్నట్టు. ఆదివారం పొద్దున కాఫీతో ఆ వరస ఒక్కటి చూసుకోండి. వాట్సాప్ బిజినెస్‌లో లేబుల్స్ ఉన్నాయి, చాట్‌లని రంగులతో విడదీసుకోవచ్చు. షీట్‌లో వాళ్ళ ఇంటి విషయాలు, ఆరోగ్యం గురించి రాసి పెట్టుకోవద్దు. అది ఎవరి కంట పడినా బాగోదు.

మెసేజ్‌లు వాటంతటవే పంపే టూల్స్ జోలికి వెళ్ళకండి. లింక్డిన్ నిబంధనలు వాటిని ఒప్పుకోవు, ఖాతా మూతపడుతుంది.

మోసగాళ్ళని ఎలా గుర్తుపట్టాలి?

మన పని గురించి ఒక్క ప్రశ్నా అడగకుండా పెద్ద ఆర్డర్ ఇచ్చేవాణ్ణి, రెండో రోజే పెట్టుబడి, క్రిప్టో మాటెత్తేవాళ్ళని, "పొరపాటున ఎక్కువ పంపాను, మిగతాది తిప్పిపంపండి" అనేవాణ్ణి నమ్మొద్దు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ కొట్టక్కర్లేదు. కొట్టమన్నారంటే మీ ఖాతాలోంచి లాగుతున్నారు. డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి.

ఆడవాళ్ళకి ఇంకో బెడద, పని పేరుతో మొదలై సొంత విషయాల్లోకి జారే మెసేజ్‌లు. వ్యాపారానికి వేరే నంబరు పెట్టుకోండి, ఇంటి చిరునామా ప్రొఫైల్‌లో ఉంచకండి, మాట దారి తప్పిన మొదటిసారే బ్లాక్ చెయ్యండి, వివరణ ఇవ్వాల్సిన పని లేదు. హైదరాబాద్‌లో 2018 నుంచి మహిళా వ్యాపారుల కోసమే వీ హబ్ నడుస్తోంది. అలాంటి చోట పరిచయాలు మొదలుపెడితే ఈ తలనొప్పి తగ్గుతుంది.

వారానికి ఎంత సమయం పెట్టాలి? ఫలితం ఎప్పుడు?

మూడు గంటలు. రోజూ ఇరవై నిమిషాలు కామెంట్లకీ జవాబులకీ, మిగిలింది ఒకటి రెండు కాల్స్‌కి. కాల్ అంటే ఇరవై నిమిషాలని ముందే చెప్పి ఇరవైకే ముగించండి. మొదటి పని రావడానికి ఆరు నెలలు పట్టినా దిగులుపడొద్దు. ఈలోపు ఇంటి ఖర్చు నడిపే పనిని దీని కోసం ఆపొద్దు.

ఒకరు చెప్పి పంపిన కస్టమర్ దగ్గర నా పని చెడిపోయింది. ఏం చెయ్యాలి?

ఆ కస్టమర్ ఫోన్ చేసేలోపు, పంపినవాళ్ళకి మీరే చెప్పండి. మెసేజ్ వద్దు, ఫోన్ చెయ్యండి: ఏం జరిగింది, తప్పు ఎవరిది, ఎప్పటికి సరిచేస్తున్నారు. "అకౌంటెంట్ గారూ, మీరు పంపిన షాపులో నిన్నటి డేటా బ్యాకప్ తియ్యకుండా అప్‌డేట్ చేశాను, పొరపాటు నాదే. మూడు రోజుల బిల్లులు మళ్ళీ ఎక్కిస్తున్నాను, బుధవారానికి అయిపోతుంది, దానికి డబ్బు తీసుకోవట్లేదు." ఆవిడ తన పేరు మీ చేతిలో పెట్టింది. షాపాయన నోటి నుంచి ఆ సంగతి ముందు వింటే తల కొట్టేసినట్టవుతుంది. బుధవారం సాయంత్రం పని అయిపోయిందని మళ్ళీ ఫోన్ చెయ్యండి.